గీతల్లేని ఉడుత

మన ఉడుత వీపు మీద గీతలు ఎలా వచ్చాయో చిన్నప్పుడు అందరం విన్నదే. ఒంటికి ఇసుక అంటించుకొచ్చి వారధి మీద దులిపినందుకు రాముడు మెచ్చి నిమిరాడు, ఆ వేళ్ళ గుర్తులే ఆ గీతలు. నేనుండే కాలిఫోర్నియాలో ఒక ఉడుత ఉంది. దానికి ఆ భాగ్యం దక్కలేదు. ఒంటిమీద ఒక్క గీతా ఉండదు, ఒక్క చుక్కా ఉండదు. ఎండిన మట్టి రంగులో, తోకతో కలిపి జానెడు ఉంటుంది. పేరు మొహావీ నేల ఉడుత. మొహావీ ఎడారి పడమటి భాగంలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

లాస్ ఏంజెలెస్ నుంచి డెత్ వ్యాలీ చూడటానికి వెళ్ళే మనవాళ్ళు చాలామంది దాని ఇంటి మీదుగానే వెళతారు. లాంకాస్టర్ దాటి, మొహావీ ఊరు దాటి, రెడ్ రాక్ కాన్యన్ దగ్గర ఫోటోలకు ఆగుతాం కదా, ఆ చుట్టుపక్కలంతా దాని ఇలాకానే. నేనూ ఐదారుసార్లు ఆ దారిన వెళ్ళాను. ఒక్కసారీ చూడలేదు. చూడలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనే అనుకున్నాను. ఇవాళ నేను రాస్తున్నదంతా ఆ "కాబట్టి" గురించే.

గత రెండు వసంతాలుగా ఒక మిత్రురాలికి ఉడుతాభక్తిగా సాయపడుతున్నాను. ఆవిడ ఎడారి జంతువుల సర్వేలు చేస్తారు. కెమెరా ట్రాప్‌లు పెట్టి, కొన్ని వారాల తర్వాత వెళ్ళి ఎస్‌డీ కార్డులు తీసుకొస్తారు. ఆ కార్డుల్లోని ఫోటోలు వేరు చెయ్యడం నా పని. పనంటే పని కాదు, శని ఆదివారాల కాలక్షేపం.

మొదటి విడతలో దాదాపు 30 వేల ఫోటోలు వచ్చాయి. అందులో పదింట తొమ్మిది ఖాళీవే. గాలికి ఊగిన పొద, మళ్ళీ అదే పొద, మళ్ళీ అదే పొద. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. చేత్తో చేసే పని చూస్తే చేతులు దురద పెడతాయి. ఉచితంగా దొరికే ఒక గుర్తింపు మోడల్‌ని దింపుకుని, "ఇందులో జంతువు ఉంది" అని అది వేసే మార్కు నేను పెట్టిన గీత కంటే తక్కువైతే, ఆ ఫోటోని "ఖాళీ" అనే ఫోల్డర్లో పడేసే స్క్రిప్టు రాశాను. తెల్లారేసరికి 30 వేలు 2 వేలయ్యాయి. అవి చూసేసి గర్వంగా ఆవిడకి మెసేజ్ పెట్టాను. మీ ఉడుత లేదండీ, కంగారూ ఎలుకలున్నాయి, కుందేళ్ళున్నాయి, ఒక కయోటీ ఉంది, గీతల ఉడుతలు బోలెడున్నాయి అని.

ఆవిడ ఒక్కటే అడిగారు. "ఖాళీ ఫోల్డరు చూశారా?"

చూడలేదు. ఖాళీ అని మనమే పేరు పెట్టినదాన్ని మనం మళ్ళీ ఎందుకు చూస్తాం?

ఆ ఆదివారమంతా కూర్చుని చూశాను. మధ్యాహ్నం దాటాక దొరికింది. వరసగా మూడు ఫోటోలు. పొద నీడలో, సగం ఒళ్ళు కొమ్మ చాటున, తల మాత్రం బయటికి. రంగు నేల రంగే. కదలకుండా ఉంటే నాకే కనబడేది కాదు, మూడో ఫోటోలో తల తిప్పింది కాబట్టి పట్టుకున్నాను. పెద్దది చేసి చూస్తే పక్కన తెల్ల గీత లేదు. ఆవిడ చూసి అవునన్నారు. ఆ మూడు ఫోటోలు లేకపోతే ఆ స్థలం గురించి నివేదికలో రాసేది ఒకటే మాట: కనబడలేదు. ఆ మాటకి ఇక్కడ చాలా విలువుంది. దాని మీద ఎకరాలకి ఎకరాలు చేతులు మారతాయి.

అసలు కెమెరా ట్రాప్ ఎలా పని చేస్తుందో చెబితే తప్ప ఈ గొడవ అర్థం కాదు. అది కెమెరా కన్నా ముందు ఒక సెన్సరు. వెనకున్న నేలకీ, ముందు కదిలే వస్తువుకీ మధ్య వేడిలో తేడా వస్తే ఆ సెన్సరు మేలుకుంటుంది, అప్పుడు ఫోటో తీస్తుంది. నల్లమలలో పులి వస్తే ఏ బాధా లేదు. చల్లటి అడవి, వెచ్చటి పెద్ద ఒళ్ళు. ఎడారిలో వంద గ్రాముల జీవికి అలా కుదరదు. పొద్దున చల్లగా ఉన్న నేల పొద్దెక్కేకొద్దీ కాలుతుంది. ఒక వేళలో నేల వేడీ ఉడుత ఒంటి వేడీ ఇంచుమించు ఒకటవుతాయి. అప్పుడు అది లెన్సు ముందు కూర్చుని గింజలు తిన్నా సెన్సరుకి అక్కడ ఎవరూ లేనట్టే. అదే వేళలో ఎండకి కాగిన కొమ్మ గాలికి ఊగితే మాత్రం టకటకా ఫోటోలు తీస్తుంది. ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకోవడమంటే ఇదే.

ఇంకా చిక్కులున్నాయి. మార్కెట్లో దొరికే కెమెరాలు వేటగాళ్ళ కోసం చేసినవి. జింక కొన్ని అడుగుల దూరంలో నిలబడితే స్పష్టంగా పడుతుంది. అడుగున్నర దూరంలో ఉన్న ఎలుక మసకబారుతుంది. రాత్రి తిరిగే కంగారూ ఎలుకల ఫోటోలు ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో నలుపు తెలుపుల్లో వస్తాయి, రంగుని బట్టి జాతి చెప్పే దారి మూసుకుపోతుంది. తూర్పుకో పడమటికో తిప్పి పెడితే ఎండ లెన్సులో పడుతుంది, అందుకని ఉత్తరం వైపు పెడతారు. ఇవన్నీ తెలిసినవాళ్ళు కెమెరాని నేలకి దగ్గరగా దింపుతారు, ముందు గింజలు పోస్తారు, సెన్సరుని నమ్మకుండా ఇన్ని సెకన్లకొకటి అని గడియారం లెక్కన కూడా ఫోటోలు తీయిస్తారు. తెలియనివాళ్ళు డబ్బాలో ఎలా వచ్చిందో అలా స్తంభానికి కట్టి వస్తారు. నివేదికలో మాత్రం ఇద్దరిదీ "కెమెరా సర్వే"నే.

అలాగని నేను కెమెరాలకి వ్యతిరేకిని కాను. వీటికి ముందు, ఇప్పటికీ, చిన్న జంతువుల్ని లెక్కించే పద్ధతి ఒకటే: అల్యూమినియం రేకు పెట్టెలో గింజలు పెట్టి బతికుండగా పట్టుకోవడం. పట్టాక తూకం వెయ్యాలి, గుర్తు పెట్టాలి, వదిలెయ్యాలి. ఎడారి ఎండలో ఆ పెట్టె పెనమైపోతుంది. మనిషి గంట గంటకీ తిరిగి చూడాలి, వేడి ఎక్కితే మూసెయ్యాలి, అనుభవమూ అనుమతీ ఉన్నవాళ్ళే ముట్టుకోవాలి. కెమెరాకి అవేం అక్కర్లేదు. జంతువుని తాకదు, భయపెట్టదు, వారాల తరబడి కాపలా కాస్తుంది. అరుదైన జీవి విషయంలో ఇది చిన్న మేలు కాదు.

ఇక్కడ మన ఉడుతకి గీతలు లేకపోవడం ఇంకో రకంగా అడ్డొస్తుంది. కర్ణాటకలో నాగరహోళె అడవుల్లో ఉల్లాస్ కారంత్ 1990లలో కెమెరా ట్రాప్‌లతో పులుల లెక్క తేల్చారు. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. చారల్ని బట్టి ఇది ఫలానా పులి అని గుర్తుపట్టి, ఎన్నిసార్లు మళ్ళీ కనబడిందో చూసి, మొత్తం ఎన్నున్నాయో అంచనా కట్టొచ్చు. మొహావీ ఉడుతలకి ఆ సౌకర్యం లేదు. నలభై ఫోటోలు వస్తే అది నలభై సార్లు వచ్చిన ఒక్క ఉడుత కావచ్చు, పది ఉడుతలూ కావచ్చు. కెమెరా ఒంటరిగా చెప్పగలిగింది ఒక్కటే. ఇక్కడ ఉంది. లేదంటే, మాకు కనబడలేదు. "ఇక్కడ లేదు" అన్న మూడో వాక్యం కెమెరాకి రాదు. ఆ వాక్యం రాసేది మనుషులు.

ఆ రెండు వాక్యాలకీ మధ్య ఎంత దూరమో చిన్న లెక్కతో చెప్తాను. ఉడుత ఆ స్థలంలో నిజంగా ఉందనే అనుకుందాం. ఏదో ఒక రోజున అది కెమెరాకి చిక్కే అవకాశం పదిలో ఒకటి అనుకుందాం. 5 రోజులు కెమెరా పెడితే ఒక్కసారీ చిక్కకపోయే అవకాశం నూటికి 59. అంటే ఉన్న ఉడుతని సగానికి పైగా సార్లు "కనబడలేదు" అని రాస్తాం. అదే 30 రోజులు పెడితే ఆ అవకాశం నూటికి 4కి పడిపోతుంది. శాస్త్రజ్ఞులకి ఇది కొత్త కాదు. కనబడకపోవడానికీ లేకపోవడానికీ తేడాని లెక్కలోకి తీసుకునే గణిత పద్ధతులు 2002 నుంచీ విరివిగా వాడుకలో ఉన్నాయి. కొత్తగా ఉన్నది ఆ తేడాని మర్చిపోయే తొందర.

రోజుల సంఖ్య ఒక్కటే చాలదు. ఈ ఉడుత ఏడాదిలో ఎక్కువ కాలం భూమి లోపలే ఉంటుంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో పైకొస్తుంది, ఆకులు, పూలు, గింజలు తిని ఒళ్ళు చేస్తుంది, ఎండాకాలం నడిమికల్లా మళ్ళీ బొరియలోకి దిగిపోతుంది. అక్టోబరులో వంద కెమెరాలు పెట్టినా దొరకదు. అంతకన్నా ముఖ్యమైనది వాన. శీతాకాలంలో వానలు సరిగా పడని ఏడు ఈ ఉడుతలు పిల్లల్ని పెట్టవు. ఉన్నవి ఏదో ఇంత తిని, ఒళ్ళు చేసుకుని, తొందరగా నిద్రకి వెళ్ళిపోతాయి. వరసగా రెండు మూడేళ్ళు ఎండితే కొన్ని చోట్ల పూర్తిగా కనుమరుగవుతాయి. మళ్ళీ మంచి వానలు పడ్డాక, పక్కన బతికున్న చోటి నుంచి పిల్లలు నడుచుకుంటూ వచ్చి ఆ ఖాళీని నింపుతాయి. అంటే ఈ ఏడు ఖాళీగా ఉన్న నేల పనికిరాని నేల కాదు. అది బీడు పెట్టిన చేను. కరువు ఏట చేలో పంట లేదని చేనే లేదని రాసుకునే కరణాన్ని మనం ఏమంటాం?

ఈ రాష్ట్రంలో ఇది చట్టం కాపాడే జంతువు. కాలిఫోర్నియా ప్రభుత్వం ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఎప్పుడో చేర్చింది. ఫెడరల్ ప్రభుత్వం మాత్రం 2011లో తమ జాబితాలో చేర్చనక్కర్లేదని తేల్చింది. ఇది తిరిగే నేలంతా కలిపితే సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లు. అందులోనే లాంకాస్టర్, పామ్‌డేల్ లాంటి పెరిగే ఊళ్ళు, అందులోనే ఎడ్వర్డ్స్, చైనా లేక్, ఫోర్ట్ ఇర్విన్ సైనిక స్థావరాలు, అందులోనే రోడ్లు, ఇప్పుడు మైళ్ళకొద్దీ సోలార్ పలకలు. ఎవరైనా కట్టడం మొదలుపెట్టే ముందు సర్వే చేయించాలి. చాలా ఏళ్ళు నడిచిన రాష్ట్ర మార్గదర్శకాల్లో పద్ధతి ఇది: ముందు కళ్ళతో వెతకాలి, తర్వాత ట్రాప్‌లు పెట్టి మూడు విడతలు, విడతకి 5 రోజులు చూడాలి. ఒక్క ఉడుతా దొరక్కపోతే, ఏడాది పాటు ఆ స్థలంలో ఉడుత లేదనే ప్రభుత్వం ఒప్పుకుంటుంది. తమాషా ఏమిటంటే, దొరకనంత మాత్రాన ఉడుత లేదనడానికి అది రుజువు కాదని అదే కాగితంలో రాసి ఉంటుంది. రుజువు కాదు, అయినా ఒప్పుకుంటాం. చట్టానికి ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కాబట్టి గీసింది. నాకు అర్థమవుతుంది. కానీ ఆ గీత గీసింది ఉడుత కోసం కాదు, ఫైలు కోసం.

దీనికి బలమైన జవాబే ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. లేదని రుజువు చెయ్యడం ఎవరివల్లా కాదు. ఉందేమో, ఉందేమో అంటూ పోతే ఏ ఇల్లూ కట్టలేం. పైగా ఇప్పుడు కట్టేవి బొగ్గు ప్లాంట్లు కావు, సోలార్. ఎడారి ఇంకా ఎండిపోకుండా ఉండాలంటే కావలసింది అదే కదా? మా ఇంటి మీదా పలకలున్నాయి, నేనూ ఆ పక్షమే. ఒక ఉడుత కోసం సోలార్ని ఆపమనేవాణ్ణి కాను.

నేనడిగేది లేదని రుజువు చెయ్యమని కాదు. ఎంత గట్టిగా వెతికారో చెప్పమని. "కనబడలేదు" అని రాసే ప్రతి నివేదికా మరో నాలుగు మాటలు రాయాలి. ఎన్ని రోజులు, ఏ నెలల్లో? ఆ ముందు శీతాకాలంలో వాన ఎంత? నిజంగా ఉండి ఉంటే దొరికే అవకాశం ఎంత? పక్కన ఖాళీ అని తీసేసిన ఫోటోలు ఎన్ని, వాటిల్లో ఎన్నింటిని మనిషి కళ్ళతో చూశారు? కరువు ఏట చేసిన సర్వేలో దొరక్కపోతే దాన్ని సగం సర్వేగానే లెక్కపెట్టాలి, మంచి వాన పడిన వసంతంలో మళ్ళీ చూడాలి. కెమెరాలు ఉన్నది ఇందుకే కదా, మనిషిని పెట్టలేనంత కాలం వాటిని పెట్టొచ్చు. ఖరీదైన కంపెనీలకి ఇది మోయలేని బరువు కాదు. ఒక ఉడుత ఉన్న చోటు నుంచి ఇంకో చోటుకి దారిగా ఉపయోగపడే నేలని, అందులో ఈ ఏడు ఉడుత కనబడకపోయినా, దారిగానే గుర్తించాలి.

మా వృత్తివాళ్ళకి కూడా ఒక మాట. ఇప్పుడు ఫోటోలు చూసే పని మోడళ్ళకి అప్పగిస్తున్నారు, అప్పగించాలి కూడా. లక్షల ఫోటోలు మనుషులు చూడలేరు. కానీ ఒక చోట నేర్పిన మోడల్ కొత్త చోట కెమెరా పెట్టగానే తడబడుతుందని 2018లోనే కాల్‌టెక్ పరిశోధకులు చూపించారు, అదీ ఈ నైరుతి అమెరికా కెమెరాల ఫోటోలతోనే. మోడల్ జంతువుతో పాటు వెనకున్న పొదనీ రాయినీ కూడా బట్టీపట్టేస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, అరుదైన జంతువు నేర్పే ఫోటోల్లోనూ అరుదే. వేల ఫోటోల్లో చూసిన గీతల ఉడుతని చక్కగా చెబుతుంది. చూడనిదాన్ని చూసినదానిలో కలిపేస్తుంది, లేదంటే ఖాళీ అంటుంది. ఏది దొరకడం కోసం ఇదంతా పెట్టుకున్నామో సరిగ్గా దాన్నే జారవిడుస్తుంది. ఆఫీసులో రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చినవాళ్ళకి మేం మొదట చెప్పే మాట, అలర్ట్ రాలేదంటే అంతా బాగుందని కాదు, అలర్ట్ పంపేదే పడిపోయి ఉండొచ్చు అని. జీతం వచ్చే చోట నాకు తెలిసిన ఆ సంగతి, ఎడారి ఫోటోల దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

ఇదంతా ఎక్కడో అమెరికా ఎడారి గోల అనుకునేవాళ్ళకి మన కడప జిల్లా కథ ఒకటి గుర్తు చేస్తాను. ఎడారీ కాదు, ఉడుతా కాదు. లంకమల పొదల్లో రాత్రిళ్ళు తిరిగే పక్షి, కలివికోడి. 1900 తర్వాత దాన్ని చూసినట్టు ఎవరూ రాయలేదు. అంతరించిందనే పుస్తకాలు రాసుకున్నాయి. 1986 జనవరిలో అది మళ్ళీ దొరికింది. మధ్యలో 86 ఏళ్ళు. ఆ 86 ఏళ్ళూ అది అక్కడే ఉంది, పిట్టలు పట్టే ఊరివాళ్ళకి దాని పేరూ తెలుసు, ఊరూ తెలుసు. తెలియనిది కాగితానికే. తర్వాత 2000 ప్రాంతాల్లో దాన్ని వెతకడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి పాదముద్రల కోసం చూశారు, వాటి పక్కన తనంతట తనే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. ఆ రెండూ కలిస్తేనే ముద్ర ఎవరిదో తేలింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ నేల మీదికి వచ్చినప్పుడు, పక్షి ఉందని చెప్పడానికి చేతిలో సాక్ష్యం ఉంది కాబట్టి కాలువ దారి మార్చగలిగారు. ఆ సాక్ష్యం 86 ఏళ్ళ ఖాళీలో ఎప్పుడైనా అడిగి ఉంటే? "కనబడలేదు" అనే రాసేవాళ్ళు. కాలువ తిన్నగా వెళ్ళేది.

నా మొదటి స్క్రిప్టు ఇంకా ఉంది. తీసెయ్యలేదు, కాస్త మార్చాను. ఇప్పుడది ఏ ఫోటోనీ "ఖాళీ" ఫోల్డర్లో పడెయ్యదు. ఆ ఫోల్డరు పేరు "ఇంకా చూడనివి" అని మార్చాను. వాటిలోంచి ప్రతి వారం కొన్ని వందలు ఏరి నా ముందు పెడుతుంది, కాఫీ తాగుతూ చూస్తాను. పొద, పొద, పొద. మా ఆవిడ అటుగా వెళుతూ, ఇంకా ఆ పొదలేనా అంటుంది. ఇంకా ఆ పొదలే. ఈ వసంతంలో ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు. పోయిన శీతాకాలం వానలు తక్కువ. ఆ సంగతి కూడా రాసి పెట్టుకున్నాను.